ఒక్క పాయింటు

‘‘పిన్నీ, డ్రా అయితే ఇద్దరికీ నష్టమే!’’

మా అక్క కొడుకు ఆ మాటంటే నవ్వాను. డ్రా అంటే ఎవరూ ఓడిపోలేదని కదా, ఇంక నష్టమేంటి? అప్పటికి నాకు తెలిసింది అంతే.

2023 వేసవిలో అక్కావాళ్లని చూడ్డానికి న్యూజెర్సీ వెళ్లాను. పదమూడేళ్ల మావాడికి కార్డుల పిచ్చి. పేకముక్కలు కాదండోయ్... ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ అనే ఆట. గణితంలో డాక్టరేట్ చేసిన రిచర్డ్ గార్ఫీల్డ్ దీన్ని తయారుచేస్తే 1993లో మార్కెట్లోకి వచ్చింది. కార్డుకో బొమ్మ, దానికో శక్తి. చిన్నప్పుడు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డుల కోసం కొట్టుకున్నవాళ్లకి ఈ పిచ్చి ఇట్టే అర్థమైపోతుంది. కాకపోతే ఇక్కడ ఎవరి కట్టని వాళ్లే ఆలోచించి కూర్చుకోవాలి. చెరో 20 లైఫ్ పాయింట్లతో మొదలుపెడతారు. ఎదుటివాళ్లవి సున్నా చేసేస్తే ఆట గెలిచినట్టే.

ఆ ఆదివారం దగ్గర్లోని కార్డుల షాపులో టోర్నమెంటు. పాతిక మంది దాకా వచ్చారు. స్కూలు పిల్లల పక్కనే ఆఫీసులు చేసుకునే పెద్దవాళ్లు. ఐదు రౌండ్లు. ఓడినా ఇంటికి పంపరు. ప్రతి రౌండ్లోనూ ఇంచుమించు సమానమైన పాయింట్లున్నవాళ్లని జతచేస్తారు. చివరికి మొదటి నలుగురు సెమీఫైనల్స్‌కి.

మధ్యలో సమోసాలు తింటూ మావాడు నాకు లెక్క చెప్పాడు. రెండు ఆటలు ముందు గెలిచినవాళ్లదే మ్యాచ్. గెలిస్తే 3 పాయింట్లు, ఓడితే సున్నా, డ్రా అయితే చెరొకటి. చదరంగంలో అయితే ఉన్న ఒక్క పాయింటునీ చెరిసగం పంచుతారు, ఎక్కడా ఏమీ పోదు. ఇక్కడ అలా కాదు. మ్యాచ్ తేలితే 3 పాయింట్లు. తేలకపోతే ఇద్దరికీ కలిపి వచ్చేవి రెండే. ఆ మూడోది గాల్లో కలిసిపోతుంది! ఫుట్‌బాల్‌దీ ఇదే లెక్క. గెలుపుకి రెండు పాయింట్లే ఇస్తుంటే జట్లు డ్రాలతో సరిపెట్టుకుంటున్నాయని ఇంగ్లండ్ లీగులో 1981లో మూడు చేశారు. ప్రపంచకప్‌లో 1994 నుంచి ఆ పద్ధతే.

‘‘మరి మధ్యలో ఒక ఆట డ్రా అయితే?’’ అన్నాను.

‘‘అది ఎవరి ఖాతాలోకీ రాదు పిన్నీ. టైముంటే ఇంకో ఆట ఆడతాం. టైమే అయిపోతే అప్పటికి ఎవరు ఎక్కువ ఆటలు గెలిచారో చూస్తారు.’’

మ్యాచ్‌కి 50 నిమిషాలు. ఆ తర్వాత ఇద్దరికీ కలిపి మరో ఐదు టర్న్‌లు. అంతే. మొదటి ఆట మీరు గెలిచి, రెండోది సగంలో ఆగిపోతే 1-0తో మ్యాచ్ మీదే, 3 పాయింట్లూ మీవే. చెరొకటి గెలిచాక మూడోది ఆగిపోతే మాత్రం డ్రా. ‘అలాగైతే ఒకటి గెలిచినవాడు కావాలని సాగదీస్తేనో?’ అనే అనుమానం నాకూ వచ్చింది. అది మోసం కింద లెక్క. దొరికితే టోర్నమెంటు నుంచే పంపించేస్తారట.

‘‘ఇంత గొడవెందుకురా, బొమ్మా బొరుసూ వేసుకోవచ్చుగా?’’

‘‘అయ్యో పిన్నీ, అది రూల్స్‌కి విరుద్ధం!’’ వాడి మొహంలో భయం చూసి ఊరుకున్నాను.

చివరి రౌండ్ మొదలైంది. మొదటి టేబుల్ దగ్గర ఇద్దరూ నవ్వుకుంటూ చేతులు కలిపి, కార్డులు ముట్టకుండానే లేచిపోయారు. నేను నోరెళ్లబెట్టాను. ఇద్దరికీ చెరో 12 పాయింట్లున్నాయి. డ్రా చేసుకుంటే 13. వెనకున్నవాళ్లకి 9, గెలిచినా 12 దాటలేరు. ఇద్దరూ క్షేమంగా సెమీస్‌కి! అలా ఒప్పుకోవడం నిబంధనల ప్రకారం తప్పు కాదు, దానికి డబ్బో బహుమతో ఆశ చూపకపోతే చాలు.

మావాడిది మూడో టేబుల్. వాడికి 9, ఎదురుగా కూర్చున్న నలభయ్యేళ్లాయనకీ 9. గెలిస్తే 12, ఆశ ఉంటుంది. డ్రా అయితే 10, ఇద్దరూ బయటికే. ఒక టేబుల్ దగ్గర వరమైన డ్రా, రెండు టేబుళ్లవతల శాపం.

మొదటి ఆట ఆయన గెలిచాడు. రెండోది మావాడు గెలిచాడు గానీ, గెలిచేసరికి నలభై నిమిషాలు దాటిపోయాయి. మూడోది జోరుమీదుండగానే ‘టైమ్’ అని కేక వినిపించింది. ఐదు టర్న్‌లూ అయ్యాయి. మావాడికి మిగిలినవి 3, ఆయనకి 11. కానీ ఎవరివీ సున్నా కాలేదు. ఆట డ్రా. 1-1, మ్యాచ్ కూడా డ్రానే!

ఆయన ఏమీ అడగలేదు. కుర్చీలో వెనక్కి వాలాడంతే. మావాడు బల్లమీదున్న కార్డుల్ని కాసేపు చూశాడు. తర్వాత చెయ్యి చాచి, మ్యాచ్ ఆయనకే వదిలేస్తున్నానన్నాడు. ఫలితం రాయించకముందు అలా చేయొచ్చట. ఆయనకి 12, నాలుగో స్థానం. మావాడు 9 దగ్గరే ఆగిపోయాడు.

కారెక్కగానే బావ మొదలుపెట్టారు. ‘‘ఉన్న ఒక్క పాయింటూ ఎందుకు వదులుకున్నావ్‌రా?’’

‘‘దాంతో ఏం చేసుకోను డాడీ? ఇంకొక్క టర్న్ ఉంటే ఆయనే గెలిచేవాడు.’’ కాసేపాగి, కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. ‘‘సెకండ్ గేమ్‌లో టైమ్ తినేసింది కూడా నేనే. కావాలని కాదు. డిసైడ్ చేసుకోలేకపోయాను.’’

బావ ఇంకేం అనలేదు. నేనూ అనలేదు. నాకు మాత్రం మా పదో తరగతి గుర్తొచ్చింది.

అర్ధ సంవత్సరం పరీక్షల్లో నాకూ, నా పక్కన కూర్చునే స్నేహితురాలికీ సరిసమానంగా మార్కులొచ్చాయి. ఫస్టు ర్యాంకుకి బహుమతి ఒక్కటే, స్టీలు టిఫిన్ బాక్సు. మాస్టారు చీట్లు వేస్తే నా పేరొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు, తను కూడా. అంతకు ముందురోజే తన సోషల్ పేపరు నా చేతికొచ్చింది. చివరి పేజీలో ఒక మార్కు కలపలేదు. నేను చూశాను. తను చూసుకోలేదు. నేను చెప్పలేదు.

నిజానికి మా ఇద్దరిదీ డ్రా కానే కాదు. ఇరవయ్యేళ్లు దాటినా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి న్యూజెర్సీలో మావాడికి చెప్పాను. తిట్టలేదు, ఓదార్చలేదు. ‘‘ఇప్పుడు ఆ ఆంటీ ఎక్కడున్నారు పిన్నీ?’’ అనడిగాడు.

ఇండియాకి వచ్చాక వాళ్లనీ వీళ్లనీ అడిగి తన ఫోన్ నంబరు సంపాదించాను. ఇంకా చెయ్యలేదు. టిఫిన్ బాక్సు మా అమ్మ దగ్గరే ఉంది. ఆవాలు పోసుకుంటోంది.