ఒప్పజెప్పే పద్ధతి

వైర్‌లెస్ ప్రింటరును ‘నిస్తంత్రీ ముద్రణయంత్రం’ అనవచ్చును. అలా అంటే మా ఇంట్లో ఎవరూ పలకరు గనుక ప్రింటరనే అంటాను. 6 సంవత్సరాలుగా ఏ పేచీ లేకుండా పనిచేసిన ఆ యంత్రం, ఇంటర్నెట్ కంపెనీవారు కొత్త రౌటరు బిగించి వెళ్ళిన నాటినుండి మౌనం వహించింది. పాత పేరే, పాత సంకేతపదమే. ఫోన్లూ కంప్యూటరూ ఎప్పటివలెనే కలిశాయి. ప్రింటరు నీలిదీపం మాత్రం మినుకుమినుకుమంటూనే ఉంది.

మరొకప్పుడైతే ఉపేక్షించేవాడినే. మరునాడు ఉదయం ఆరు గంటల బస్సుకు మా గురువుగారి ఊరికి ప్రయాణం. భాషాప్రవీణలో నాకు వ్యాకరణం చెప్పినవారు. ఇప్పుడు 89వ ఏడు. నేను వ్రాస్తున్న ఛందోవ్యాఖ్యను చదివి చెబుతానన్నారు. తెరమీది అక్షరం వారి కంటికి ఆనదు. కాగితం మీద 20 పాయింట్ల పరిమాణంలో ఉంటే భూతద్దంతో చదువగలరు. “త్వరగా తీసుకురావోయ్, ఈ కన్ను ఎన్నాళ్ళు పనిచేస్తుందో” అని ఫోనులో అన్నారు. అప్పటికి రాత్రి తొమ్మిదయింది. జిరాక్సు అంగళ్ళు మూసేశారు. తీగతో కలుపుదామంటే ఈ ప్రింటరుతో తీగ ఇవ్వనే లేదు.

ఆపి మళ్ళీ వేయడమనే సార్వజనీన చికిత్స ముందుగా జరిగింది. ఫలితం శూన్యం. అప్పుడు మనుమరాలు “తాతయ్యా, దాన్నే అడుగుదాం” అన్నది. నెట్‌వర్క్‌తో నిమిత్తం లేకుండా ప్రింటరు తన స్థితిగతులను తానే కాగితం మీద అచ్చువేసి ఇస్తుందట! మీటలు నొక్కే తీరు ఒక్కొక్క నమూనాకు ఒక్కొక్క విధం. వచ్చిన నివేదికలో ఇంటి నెట్‌వర్క్ పేరు సరిగానే ఉంది, అనుసంధానం లేదని ఉంది, భద్రతా విధానం డబ్ల్యూపీఏ2 అని ఉంది.

గుట్టంతా ఆ చివరి మాటలోనే ఉన్నది. డబ్ల్యూపీఏ2 అనేది 2004 నాటిది; డబ్ల్యూపీఏ3 2018లో వచ్చింది. మా కొత్త రౌటరును రెండవదానికే పరిమితం చేసి వెళ్ళారు. సంకేతపదం అదే అయినా దానిని ఒప్పజెప్పే పద్ధతి మారిపోయింది. పాఠం కంఠతా వచ్చిన పిల్లవాడిని, వాడికి తెలియని పద్ధతిలో ఒప్పజెప్పమంటే ఏం చేస్తాడు? గుమ్మం దగ్గరే నిలబడిపోతాడు. అటువంటి పిల్లలను చాలామందిని చూశాను, యంత్రాన్ని చూడడం ఇదే మొదలు.

పైగా కొత్త రౌటర్లు 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు శ్రుతులలో పలుకుతాయి. మొదటిదానికి వేగం తక్కువ, గోడలు దాటే శక్తి ఎక్కువ. రెండవది వేగవంతమే కాని గోడ అడ్డొస్తే నీరసిస్తుంది. మా ప్రింటరుకు మొదటిది మాత్రమే వినబడుతుంది.

రౌటరు అడుగున అంటించిన చీటీలోని వివరాలతో దాని అమరికల పుట తెరిచాము. 2.4కు వేరే పేరు పెట్టి, దానికి మాత్రం డబ్ల్యూపీఏ2 విధించాము. ప్రింటరుకు ఆ పేరు చెప్పగానే దీపం నిలకడగా వెలిగింది. కంప్యూటరు 5లోనే ఉన్నా చింత లేదు. రెండూ ఒకే రౌటరు కింది కాపురాలే.

అంతా అయిందనుకుంటే కంప్యూటరు “ప్రింటరు ఆఫ్‌లైన్” అన్నది. పాత రౌటరు ఇచ్చిన చిరునామాకే అది ఇంకా ఉత్తరాలు వేస్తున్నది! పాత ప్రింటరు పేరు తీసివేసి, కొత్తగా చేర్చి, ఆ చిరునామా మళ్ళీ మారకుండా రౌటరులో స్థిరపరిచింది మనుమరాలు. రాత్రి పదకొండున్నరకు మొదటి పుట బయటికి వచ్చింది. మొత్తం 46 పుటలు.

గురువుగారు భూతద్దం పక్కన పెట్టి మొదటి పద్యం రాగయుక్తంగా చదివారు. వ్యాఖ్య జోలికి ఇంకా పోలేదు. “అంచులు వెడల్పుగా వదిలి ఇంకొక ప్రతి తీసుకురా, నేను వ్రాయవలసినది చాలా ఉంది” అన్నారు. ఆ ప్రతి ఈ ఉదయమే వచ్చింది, ఒక్క మీటతో.