లెక్కగా ఐదు పలుకులు

పలాస దగ్గర పల్లెలో ఆ పెద్దాయనకు జీడితోట ఉంది. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ల వెంట వేయించిన జీడిపప్పు ప్లేటు రావాల్సిందే. 2018లో తిత్లీ తుపాను తోటలో సగం చెట్లను కూల్చేసినా ఆ అలవాటు మాత్రం పోలేదు.

అలాంటి మనిషికి రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎక్కువుందని తేలింది. ఉద్దానంలో ఆ మాట వింటే ఇల్లంతా మూగబోతుంది. ఊరూరా కిడ్నీ బాధితులున్న ప్రాంతం అది. జబ్బుకు ఇదీ కారణమని ఇప్పటికీ గట్టిగా తేలలేదు.

ఆరోజే ఆయన భార్య పప్పు డబ్బాను అటకెక్కించింది. 'ఒక్క పలుకు కూడా ముట్టుకోనని నామీద ఒట్టెయ్యండి' అంది. వేశారాయన. చుట్టాలొస్తే ప్లేటు అందించి, ఏదో పనున్నట్టు పెరట్లోకి వెళ్లిపోయేవారు. సొంత తోటలో పండిన పప్పే ఆయనకు పరాయిదైపోయింది.

ఒట్టు ఎన్నాళ్లో నిలవలేదు. ఎవరూ లేనప్పుడు ఉప్పూకారం చల్లిన పప్పు గుప్పెళ్లకొద్దీ తినేవారు. దానికి రోజూ తాగే కొబ్బరినీళ్లు తోడయ్యాయి. తర్వాతి పరీక్షలో పొటాషియం పెరిగింది. గుట్టు బయటపడింది!

ఆస్పత్రిలో డైటీషియన్ కోప్పడలేదు. కాగితం తీసి లెక్క వేసింది. గుప్పెడు జీడిపప్పంటే సుమారు 28 గ్రాములు, 18 పలుకులు. అందులో పొటాషియం దాదాపు 187 మిల్లీగ్రాములు, ఫాస్ఫరస్ 168. దెబ్బతిన్న కిడ్నీలు వీటిని సరిగా బయటికి పంపలేవు. పొటాషియం మితిమీరితే గుండె లయ తప్పుతుంది. ఫాస్ఫరస్ పెరిగితే ఎముకలు బలహీనపడతాయి. ఉప్పు బీపీని పెంచుతుంది. అలాగని ఉప్పుకు బదులు 'లో సోడియం' ఉప్పు వాడితే అందులో ఉండేదీ పొటాషియమే!

'మరైతే ఇంక జన్మలో తినకూడదా అమ్మా?' అని అడిగారాయన.

'ముందు రిపోర్టు కిందికి రానివ్వండి బాబాయ్. అప్పటిదాకా వద్దు. తర్వాత లెక్కపెట్టుకుని తినండి' అందామె. గింజల్లోని ఫాస్ఫరస్‌ ఒంటికి పట్టేది సగంలోపే. ప్యాకెట్ తిండిలో కలిపే ఫాస్ఫేటు మాత్రం చాలావరకూ పట్టేస్తుంది. ఐదు పలుకుల్లో పొటాషియం 50 మిల్లీగ్రాములకు అటూ ఇటూ. ఉప్పు వేయనివే తినాలి. ఆరోజు అరటిపండు, కొబ్బరినీళ్లు మానాలి. ఒకరి లెక్క మరొకరికి పనికిరాదు. ఎవరి రక్తపరీక్షను బట్టి వారికి డాక్టరే చెప్పాలి.

పొటాషియం అదుపులోకి రావడానికి కొన్ని వారాలు పట్టింది. డాక్టరు సరేనన్నాక డబ్బా అటక దిగింది. ఇప్పుడు చుట్టాలొస్తే పెద్దాయన పెరట్లోకి వెళ్లడం లేదు. మనవరాలు ఆయన చేతిలో ఒక్కొక్కటే లెక్కపెట్టి పెడుతుంది. 'ఇంకొక్కటే' అని ఆయన చెయ్యి చాపితే... 'రిపోర్టు వచ్చాక చూద్దాం తాతా' అంటూ డబ్బా మూత పెట్టేస్తుంది!