పన్నెండు కొట్టేదాకా

రాత్రి ఎనిమిదికి కంచం కడిగేస్తే మళ్లీ మర్నాడు మధ్యాహ్నం పన్నెండుకే ముద్ద. 16:8 ఉపవాసమంటే ఇంతే. ఆకలిదేముంది, చుట్టపుచూపుగా వచ్చి కాసేపుండి పోతుంది. అసలు పరీక్ష పొద్దున పక్కింటి పోపు. ఆవాలు చిటపటమన్నాక ఇంగువ పడుతుంది చూడండి, అక్కడికి సగం పట్టుదల సరి. మిగతా సగం సంగతి ఫిల్టర్ కాఫీ చూసుకుంటుంది. పాలూ పంచదారా పడితే ఉపవాసం పోయినట్టే. బ్లాక్ కాఫీ తాగొచ్చంటారు గానీ, దాన్ని కాఫీ అనడానికి నాకు మనసొప్పదు.

తిండి ఆగాక ఇన్సులిన్ తగ్గుతుంది, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ ఖర్చయ్యేకొద్దీ ఒళ్లు కొవ్వు మీద పడుతుంది. కణాలు తమలోని చెత్తను తామే అరాయించుకునే ఆటోఫజీ గురించీ గొప్పగా చెబుతారు. దాని గుట్టు విప్పినందుకే యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది. ఆయన ఆ పని చేసింది ఈస్ట్ మీద, నా పొట్ట మీద కాదు.

"మేం ఏకాదశి ఉంటే చాదస్తం, మీ యాప్ చెబితే ఆరోగ్యమూనా?" అని అమ్మ దెప్పుతుంది. నిజమే. కానీ ఆవిడ షుగరు మాత్రలు వేసుకుంటుంది. డాక్టరును అడక్కుండా కడుపు మాడిస్తే షుగరు పడిపోవచ్చు. అందుకే మొన్నటి ఏకాదశికి గోధుమరవ్వ ఉప్మా చేసి పెట్టాను. సణుగుతూనే తింది, ఉప్పు తక్కువైందని కూడా చెప్పింది.