ఒసాకా వీధిలో పొంగనాలు

జపానులోని ఒసాకా నగరంలో, దోతొన్‌బోరి వీధిలో మన గుంతపొంగనాల పెనం వంటిదే కనబడగా స్నేహితులం ముగ్గురమూ ఆగిపోయాము. అవి తకోయాకి; 1935లో ఆ ఊళ్లోనే పుట్టాయట. గోధుమపిండి జారుగా కలిపి గుంతల్లో పోసి, ఆక్టోపస్ ముక్క వేసి, పుల్లతో గిరగిరా తిప్పుతారు. పైన చల్లిన ఎండుచేప పొరలు వేడికి కదులుతుంటాయి, ప్రాణమున్నట్టే! బండి పక్కనే నిలబడి తినడం మర్యాద.

మాలో ఒకరు శాకాహారి. ఆయన సంగతే కష్టమైంది. ఉడోన్ అనే లావుపాటి సేమ్యా చూపుకు సాదాగానే ఉంటుంది గాని, దాని రసం చేపతో కాచినదే. హోటలు పెద్దమ్మ మా సైగలు గ్రహించి తెల్లన్నమూ, ఉప్పులో ఊరవేసిన ఉమెబోషి పండూ పెట్టింది. తినబోయేముందు "ఇతదాకిమాసు" అనిపించింది. వినయంతో పుచ్చుకొంటున్నాను అని భావం. పులుపుకు ఆయన కళ్లు మూతపడ్డాయి. "అచ్చం మా అమ్మ ఊరగాయే" అంటూ ఇంకో గిన్నె అన్నం అడిగారు.