బిగిసిన నట్టు

నా బల్ల సొరుగులో చిటికెనవ్రేలిలో సగమైనను లేని లోహపు కడ్డీ యొకటి యున్నది. దాని రెండు కొనలను రంధ్రములు గలవు. నడుము కొంచెము వంగినది. వంచినవాడను నేనే.

అది 1986వ సంవత్సరపు వేసవి. అప్పటి కర్నూలు జిల్లాలో, నేటి నంద్యాల జిల్లాలో, దిగువ అహోబిలమున మా యిల్లు. నేను క్రొత్తగా తెలుగు పండితుడనైతిని. హైదరాబాదులో చదువుచు ఎన్.సి.సి. వాయు విభాగమున చేరిన మా అక్క కుమారుడు, అవ్వను చూచుటకు వచ్చుచు అట్టపెట్టెలో ఒక నమూనా విమానమును తెచ్చెను. తేలిక కొయ్యతో చేసిన రెక్కలు. ముక్కున పిడికిట నిముడు ఇంజను. దానిని స్నేహితుని యొద్ద పాతదిగా కొనెనట. రెండేండ్లు మూలబడియున్న యింజను అది. పంకా రెక్క యొకటి విరిగినది. క్రొత్త పంకా వేయవలెనన్న ముందున్న నట్టు ఊడవలెను. అది ఊడదు.

రాత్రియంతయు కిరసనాయిలు పోసియుంచినాడు. ఫలము లేదు. "దీనికి హిరణ్యకశిపుని వరముంది మామా! దేనికీ లొంగదు" అని నవ్వి, మరునాడుదయమున అవ్వను ఎగువ అహోబిలమునకు తీసికొనిపోవుచు, "మీరు ముట్టుకోవద్దు, వచ్చి నేనే చూస్తా" అని చెప్పిపోయెను.

నేను ముట్టుకొంటిని.

మా యింటి బల్లపంకాను శుభ్రపరచునపుడెల్ల దాని ముందరి బిళ్ళను గడియారపు ముల్లు తిరుగు దిక్కునకు త్రిప్పి ఊడదీయుట నాకు అలవాటు. తక్కిన నట్లకు అది విరుద్ధము. పంకాలన్నియు ఒక్కటే గదా, పిల్లవానికీ రహస్యము తెలియదు పాపము, అనుకొంటిని. ఇరుసు తిరుగకుండ పొగవచ్చు రంధ్రములో స్క్రూడ్రైవరు దూర్చి, పానా పట్టి, బలముకొలది కుడివైపునకు త్రిప్పితిని. లోపల టక్కుమని చప్పుడైనది. నట్టు కదలలేదు. ఇంజనును తుడిచి, ఎప్పటివలె పెట్టెలో పెట్టితిని.

సాయంకాలము వాడు వచ్చి ఇరుసును వ్రేలితో త్రిప్పి చూచెను. "నిన్న తిరిగేది, ఇప్పుడు పట్టేసింది. ఎవరైనా ముట్టుకున్నారా మామా?"

"కిరసనాయిలు పోసితివి గదా, అదే పట్టియుండును" అంటిని. ఉపాధ్యాయుడనై నల్లబల్లపై ఎన్ని నీతివాక్యములు వ్రాసియుందునో లెక్కలేదు. ఆ క్షణమున ఒక్కటియు జ్ఞాపకము రాలేదు.

మరునాడు బస్సెక్కి ఆళ్ళగడ్డకు పోతిమి. అచ్చట బావుల యింజన్లు బాగుచేయు వృద్ధ మేస్త్రీ యొకడుండెను. ఇంత చిన్న యింజనును ఆయన యెన్నడును చూచియుండలేదు. అరచేత నుంచుకొని, వాసన చూచి, "ఇందులో ఏం నూనె పోస్తారబ్బీ?" అని యడిగెను.

"స్పిరిటులో ఆముదం కలిపి పోస్తామండీ."

"ఆముదానికి కిరసనాయిలు పోస్తివా!" అని ఆయన నవ్వెను. ఆముదము వేడికి మాడి, నిలువయుండి, బంకవలె గట్టిపడును. అది కిరసనాయిలులో సులభముగా కరుగదు, స్పిరిటులో కరుగును. ఈ గుణమువలననే మొదటి ప్రపంచయుద్ధమున తిరుగుడు ఇంజన్ల విమానములకు ఆముదము పోసెడివారు. పెట్రోలు దానిని కడిగివేయలేదు. కాస్ట్రాల్ అను నూనెకు ఆ పేరు వచ్చుటకును ఆముదమే కారణము; ఇంగ్లీషున ఆముదమును కాస్టర్ అందురు. మన మెట్టచేల గట్లపై పెరుగు చెట్టు ఆకాశమున ఇంత పని చేసినదని నాకంతవరకు తెలియదు.

మేస్త్రీ ముందుగా నట్టు జోలికి పోలేదు. ఇంజను వెనుక మూత విప్పి దీపము దగ్గర చూచెను. చాలసేపు చూచెను.

"ఎవరో పొగగొట్టం సందులో ఏదో దూర్చి తిప్పినారు. అదీ బిగుసుకునే వైపుకే. లోపల కడ్డీ వంగింది."

అంగడిలో ముగ్గురమే యుంటిమి. "నేనే" అంటిని.

మా మేనల్లుడు నా వైపు చూడలేదు. కొంతసేపటికి, "నిన్న అడిగినప్పుడు చెప్పింటే సరిపోయేది గదా మామా" అనెను. అంతే.

నా బల్లపంకా తర్కమును విని మేస్త్రీ నెమ్మదిగా చెప్పెను. బల్లపంకా, ఎదుట నిలిచి చూచిన, గడియారపు ముల్లువలె తిరుగును. గాలి రెక్కలను వెనుకకు నెట్టును గనుక మామూలు మరయైన నట్టు క్రమముగా వదులగును. అందుకే దానికి ఎడమ మర వేసిరి. ఈ విమానపు పంకా దానికి ఎదురు దిక్కున తిరుగును. గాలి నెట్టినకొలది మామూలు నట్టే బిగియును. కాబట్టి దీనికి ఎడమ మర అక్కరలేదు.

తరువాత ఆయన ఇంజనును మరుగునీటిలో ముంచియుంచెను. బంక మెత్తబడినది. తీసి తుడిచి, పొయ్యికి దూరముగా పోయి, మరలపై స్పిరిటు చుక్కలు వేసెను. ఆ స్పిరిటు విషము; నిప్పును చప్పున అందుకొనును; పిల్లలు ముట్టరాదు. పిమ్మట పంకా వెనుకనున్న గుండ్రని బిళ్ళకు సైకిలు ట్యూబు ముక్క చుట్టి, కొయ్యముక్కల నడుమ వైసులో బిగించెను. రంధ్రములో ఏమియు దూర్చలేదు. సరిగా పట్టు పానా తగిలించి, దాని తోకపై చిన్న సుత్తితో ఒక్క దెబ్బ, ఎడమవైపునకు. నట్టు తిరిగినది. కూలి తీసికొమ్మనిన, "అయ్యవారి దగ్గరనా!" అని ఆయన తీసికొనలేదు. తీసికొనినచో నాకు కొంత తేలికగా నుండెడిది.

క్రొత్త కడ్డీ కలకత్తానుండి రెండు నెలలకు టపాలో వచ్చినది, వెల నేనిచ్చితిని. సంక్రాంతికి వాడు మరల వచ్చెను. వేరుసెనగ పీకిన చేనిలో నిలిచి, రెండు సన్నని ఉక్కుతీగలు చేతబట్టి, విమానమును తన చుట్టును త్రిప్పసాగెను. పంకా నట్టును ఆ దినమున నాచేతనే బిగింపించెను. నీలపు పొగ చేనిపై పరచుకొని మా యింటివరకు వచ్చినది.

అరుగుపై కూర్చున్న మా అమ్మ ముక్కెగబీల్చి, "పట్టపగలు ఎవరింట్లోరా ఆముదం దీపం పెట్టినారు?" అని కేకవేసెను.