గుత్త బేరంలో పోయిన టేకు

మా తాతగారి పెంకుటిల్లు విప్పినప్పుడు ముందు వసారా టేకు మొత్తం రూ.40,000కు గుత్తగా పోయింది. ఆ సలహా మా బాబాయిది. ఏళ్లు గడిచినా ఆ అంకె తలుచుకుంటే కడుపు రగులుతుంది. డబ్బు పోయిన బాధ ఒక ఎత్తు, కొలతల పుస్తకం చేతిలో ఉండి కూడా నా మాట చెల్లకపోవడం ఇంకో ఎత్తు.

నాకు వడ్రంగం ఇష్టం. సెలవు రోజు పెరట్లో చిత్రిక పట్టుకుంటే అన్నం ధ్యాస ఉండదు. అందుకే ఇల్లు విప్పుతున్నారనగానే టేపు తీసుకెళ్లి ప్రతి దూలం, ప్రతి వాసం కొలిచి రాసుకున్నాను. అడవిలో కొట్టిన దుంగల్ని గోదావరి మీద తెప్పలు కట్టి రాజమండ్రికి దింపిన కాలం నాటి కర్ర అది. పైన మసి, సున్నం. చిత్రిక ఒక్కసారి తోస్తే లోపల తేనె రంగు చేవ, ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ నూనె వాసన. నాకు కావలసింది ఉంచుకున్నా ఇంకా బోలెడు మిగులుతుంది.

"కొలతలేంట్రా, కలప అడితి పెడతావా? వానలొస్తే చెద పడుతుంది. వచ్చినకాడికి ఇచ్చేయ్ అన్నయ్యా" అన్నారు బాబాయి. నాన్న తమ్ముడి మాట కాదనలేదు. ముదిరిన టేకు చేవను చెద అంత తేలిగ్గా ముట్టదని, దాని జోరు బెరడు కింద తెల్ల చెక్క మీదేనని చెప్పబోయాను. ఎవరూ వినలేదు. పలకల మధ్య అడ్డుపుల్లలు పెట్టి, ఇటుకల మీద ఎత్తుగా పేర్చి, పైన రేకు కప్పితే ఆ కర్ర ఇంకో తరం ఆగేది.

లెక్క చూడండి. దూలాలు ఆరు. వ్యాపారి ఒకదానికి టేపు ఆనించి "ఎనిమిది, అయిదు, పన్నెండు అడుగులు" అన్నాడు. 8ని 5తో, 12తో గుణించి 144తో భాగిస్తే 3.33 ఘనపుటడుగులు. ఆరింటికీ 20. నా పుస్తకంలో అదే దూలం 8.5 అంగుళాల వెడల్పు, 5.5 అంగుళాల మందం, 12 అడుగుల 9 అంగుళాల పొడవు. అంటే 4.14 ఘనపుటడుగులు. ఆరింటికీ 24.8. అరంగుళం అటు, అరంగుళం ఇటు, ముప్పావు అడుగు పొడవు వదిలేసేసరికి దాదాపు 5 ఘనపుటడుగుల టేకు ఉచితంగా వెళ్లిపోయింది. ఒక దూలానికి మించిన కర్ర అది!

వాసాలు 24. నాలుగు అంగుళాలు, మూడు అంగుళాలు, పదడుగుల పొడవు. అవి మరో 20. మొత్తం 44.8. రూ.40,000ను దాంతో భాగిస్తే ఘనపుటడుగు రూ.893 పడింది. టేకు ఘనపుటడుగు సుమారు 18 కిలోలు తూగుతుంది కాబట్టి, మా తాతగారి దూలాలు కిలో యాభై రూపాయల లెక్కన పోయాయి.

పాత కర్రలో అంతా పనికిరాదు, ఒప్పుకుంటాను. చివర్ల పగుళ్లు, మేకుల బెజ్జాలు, వాసం కూర్చున్న గాట్లు ఉంటాయి. పావు వంతు తీసేశాను. 33.6 మిగిలింది. శుభ్రం చేసిన పాత టేకును మా ఊరి వడ్రంగులు అప్పట్లో ఘనపుటడుగు రూ.1,800కు కొనేవారు. ఆ లెక్కన రూ.60,480. మేకులు పీకే కూలికి, బండి కిరాయికి రూ.8,000 తీసేసినా రూ.52,480 ఉంటుంది. గుత్త బేరంలో మేం వదులుకున్నది, ఎంత తగ్గించి చూసినా, రూ.12,480.

తర్వాత వెనక వసారా విప్పారు. ఆ కర్ర నా వాటాకు వచ్చింది. బీరువాకు, మంచానికి వాడుకోగా దూలాల్లో 26 ఘనపుటడుగులు మిగిలాయి. ఈసారి ఎవరి మాటా వినలేదు. సామిల్లుకు పట్టుకెళ్లి పలకలుగా కోయించాను.

ఈ కోత దగ్గరే చాలామంది లెక్క తప్పుతారు. అయిదంగుళాల దూలంలో అంగుళం పలకలు అయిదు రావు. రంపం ఒక్కో కోతకు అంగుళంలో ఎనిమిదో వంతు తింటుంది. చిత్రికకు కొంత ఉంచాలి కాబట్టి పలకను అంగుళంపైన ఎనిమిదో వంతుకు కోయాలి. అలాంటివి నాలుగు, మధ్యలో మూడు కోతలు, కలిపితే 4.875. మిగిలిన కాస్తా పైపొరకే సరి. అంటే అయిదు అంగుళాల్లో చేతికొచ్చేది నాలుగే, అయిదో వంతు పొట్టు కింద పోతుంది. ధర వేసేటప్పుడు ఈ పొట్టుకూ ఖరీదు కట్టాలి.

26లో మచ్చలేని పొడుగు పలకలు 15 ఘనపుటడుగులు తేలాయి. తలుపులకు, ఫర్నిచర్‌కు పనికొచ్చేవి అవే. కలప డిపోలో అలాంటి పలకకు ఘనపుటడుగు రూ.3,400 చెప్పారు. నేను రూ.2,600 పెట్టాను. పాత కర్రలో ఎక్కడో విరిగిన మేకు దాగి ఉంటుంది, తగిలితే కొన్నవాడి మెషిన్ బ్లేడు పోతుంది. ఆ భయానికి తగ్గింపు ఇవ్వడం న్యాయం. రూ.39,000 వచ్చింది. రెండు మూడడుగుల ముక్కల్ని కొలత లేకుండా ముక్కకింత అని, పూజామందిరాలు చేసే వాళ్లకు ఇస్తే మరో రూ.4,000. సామిల్లు కోత, ఆటో, మేకుల కూలి కలిపి ఖర్చు రూ.6,220. చేతిలో మిగిలింది రూ.36,780. కోయకముందున్న 26 మీద చూస్తే ఘనపుటడుగుకు రూ.1,415. నా చేతిపనికి రూ.8,000 కూలి వేసుకున్నా రూ.1,107. బాబాయి బేరం రూ.893 దగ్గరే ఆగింది.



ఈ లెక్క చూపిస్తే బాబాయి "నీకు తీరిక ఉంది కాబట్టి సరిపోయింది" అన్నారు. తీరిక మాట నిజమే. అయితే కుప్పను కొలవడానికి పట్టింది ఒక్క పూట. పెద్దరికం మీద గౌరవంతో మా ఇళ్లలో ఇలాంటి పూటలు ఎన్ని వదిలేశామో! పొలం గట్టు మీది చెట్లూ, పాత ఇత్తడి సామానూ ఇలాగే వెళ్లిపోయాయి. ఎవరైనా కష్టంతో కూడబెట్టిన వస్తువును దాని కొలత తెలుసుకోకుండా ఇచ్చేయడం ఆ మనిషికి మర్యాద కాదని నా నమ్మకం.

మీ ఊళ్లో పాత ఇల్లు విప్పుతుంటే వ్యాపారిని పిలవకముందే ప్రతి కర్రా అంగుళాలతో సహా రాసిపెట్టుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో కలప రవాణాకు 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనలు ఉన్నాయి కాబట్టి, లారీ ఎక్కించే ముందు అటవీ శాఖ రేంజి ఆఫీసులో అనుమతి సంగతి కనుక్కోండి. కర్ర పాత ఇంటిదేనని చూపడానికి, విప్పకముందు తీసిన ఇంటి ఫొటోలు, ఇంటి పన్ను రసీదు దగ్గర పెట్టుకోండి.