సముద్రం మధ్యలో కాఫీ తోట

నాది యానాం. 33 ఏళ్ళు పాండిచ్చేరి మిల్లులో స్పిన్నింగులో పనిచేశాను. మా అమ్మాయి రీయూనియన్ దీవిలో కాఫీ తోట వేసిందంటే చాలామంది “అదెక్కడ, ఎలా ఉంది?” అని అడుగుతున్నారు. 2024 అక్టోబరులో వెళ్ళి 3 నెలలు ఉండి వచ్చాను. చూసింది రాస్తున్నాను.

ఈ దీవి హిందూ మహాసముద్రంలో మారిషస్‌కి పక్కన ఉంది. 1946 నుంచి ఫ్రాన్సులో ఒక జిల్లా. అక్కడ యూరోలే చెల్లుతాయి. నడుమ 3,070 మీటర్ల కొండ, ఇంకో పక్క ఇప్పటికీ నిప్పులు కక్కే అగ్నిపర్వతం. 1962లో యానాం, పాండిచ్చేరి చట్టప్రకారం ఇండియాలో కలిసినప్పుడు కొందరు ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకున్నారు కదా, మా అల్లుడి తాతగారు వాళ్ళలో ఒకరు. అలా కుదిరింది ఆ సంబంధం.

వెళ్ళిన కొత్తలో అమ్మాయికి భాష రాక ఏడుపొచ్చేదట. ఆఫీసుల్లో ఫ్రెంచి, వీధిలో క్రియోలు. ఆదుకున్నది కూరగాయల సంత. అక్కడ కరివేపాకుని “కలూపిలే” అంటారు, అరవంలో కరువేప్పిలై అన్నమాటే. మునగాకు కట్టలూ దొరుకుతాయి. అమ్మేవాళ్ళు చూడ్డానికి మన మనుషులే, ఇంటిపేర్లు అరవం పేర్లే. గుళ్ళు కడతారు, నిప్పులు తొక్కుతారు. మాట మాత్రం క్రియోలు. వీళ్ళని మలబారులంటారు. చాలామంది ముత్తాతలు చెరకు తోటల్లో కూలికి ఓడలెక్కి వచ్చినవాళ్ళు. 1828లోనే మన యానాం నుంచి కొందరు తెలుగువాళ్ళని అలా తెచ్చారు. వాళ్ళు దున్నిన నేల వాళ్ళది కాదు.

చెరకు కంటే ముందు ఇక్కడ కాఫీయే పంట. 1715లో యెమెన్ దేశపు మోఖా నుంచి మొక్కలు తెచ్చి నాటారు. అప్పట్లో దీవి పేరు బోర్బన్. బోర్బన్ కాఫీ అనే రకానికి ఆ పేరు అలా వచ్చింది. తరవాత 1806, 1807 తుపానులకి తోటలు పాడైపోయి చెరకు వచ్చింది. ఇక్కడే పుట్టిన ఒక రకం ఉంది, బోర్బన్ పాయింటూ. గింజ సన్నగా, కొసదేరి ఉంటుంది. కెఫీన్ మామూలు కాఫీలో సగమే. అది దాదాపు కనుమరుగైతే, జపాన్ కాఫీ కంపెనీ మనిషి ఒకాయన వెతుక్కుంటూ వచ్చి మళ్ళీ పెంచేలా చేశాడు. 2007లో జపాన్‌లో అమ్మారు. మా అమ్మాయి వేసింది ఆ రకమే.

సేన్-లూ ఊరి పైన, పడమటి వాలులో అర ఎకరం కౌలుకి తీసుకుని 2021లో 600 మొక్కలు నాటారు. తూరుపు వైపు వానలు మరీ ఎక్కువ, పడమర కాస్త పొడి. మిల్లు మూతపడ్డప్పుడు నా చేతికొచ్చిన డబ్బులో 2 లక్షలు ఇచ్చాను. అందుకే నాకు ఆ తోట చూడాలని అంత ఆత్రం.

మిల్లులో సైరను కొడితే మిషను తిరగాలి, నెలాఖరుకి జీతం రావాలి. కాఫీ మొక్క సైరను వినదు. పంట పట్టడానికి 3, 4 ఏళ్ళు పడుతుంది. మూడో ఏడు వస్తుండగా 2024 జనవరిలో బెలాల్ తుపాను వచ్చి 70 మొక్కల్ని కూల్చేసింది. నేను వెళ్ళేసరికి మిగతావాటికి కాయలు ఎర్రబడుతున్నాయి.

పండిన కాయ మాత్రమే ఒక్కొక్కటిగా కోయాలి. ఒకే కొమ్మకి పచ్చివీ పండువీ ఉంటాయి, దూస్తే చెడుతుంది. కోసిన రోజే తోలు తీసి, జిగురు పోయేదాకా నానబెట్టి, కడిగి, జల్లెడలమీద ఆరబెట్టాలి. సుమారు 6 కిలోల పండ్లకి 1 కిలో గింజ. ఏరడం నా పని. పురుగు పట్టినవి, విరిగినవి, నల్లవి పక్కకి తీయాలి. నూలులో ముడి, సన్నం, లావు చూసిన కళ్ళు కదా, ఆ పని నాకు పట్టుబడింది.

“నాన్నా, నువ్వు ఏరిన జల్లెడ మళ్ళీ చూడక్కర్లేదు” అంది అమ్మాయి. 38 కిలోలు వచ్చాయి. పెట్టుబడి ఇంకా రాలేదు.

“ఒక్క పంటనే నమ్ముకుంటే ఎలాగమ్మా? మిల్లు ఒక్కటే నమ్ముకుని మేమేమయ్యామో చూశావుగా” అన్నాను.

“అందుకే ఆయన బస్సు డ్రైవరు ఉద్యోగం మానలేదు, గట్టున మునగ, అరటి వేశాం. నీ డబ్బు ఆలస్యమవుతుంది నాన్నా, పోదు” అంది.

నేను వచ్చేశాక 2025 ఫిబ్రవరి 28న గారాన్స్ తుపాను వచ్చింది. రెండు రోజులు ఫోను కలవలేదు. ఆ రెండు రోజులూ మా ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు. మూడోనాడు కలిసింది. మనుషులు క్షేమం, 12 మొక్కలు పోయాయి. నారు మళ్ళీ పోస్తున్నామని చెప్పింది.

మన పిల్లలెవరైనా పైదేశంలో ఇలాంటి తోట వేస్తామంటే వద్దనకండి. మూడు సంగతులు మాత్రం చెప్పండి. నాలుగేళ్ళ తిండికి వేరే సంపాదన ఉండాలి. గాలి తక్కువ తగిలే వాలు చూసుకోవాలి. మొక్క నాటేముందే కొనేవాణ్ణి చూసుకోవాలి. కాఫీ సంగతికొస్తే, అక్కడ కొందరు పాలూ చక్కెరా లేకుండా తాగుతారు. నాకు మన ఫిల్టరు కాఫీయే ఇష్టం. అయినా సొంత పిల్ల తోటలోది, చల్లారకముందే గ్లాసు ఖాళీ చేశాను.